బిడు అనాల్సిన చోట

తప్పు చేసినట్టు అనిపించడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. బస్సులో నాకు సీటు దొరికి, పక్కన ఒక ముసలామె నిలబడి ఉంటే చాలు, దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంటాను. లేచి సీటిచ్చేంత మంచితనమూ లేదు, హాయిగా కూర్చునేంత మొండితనమూ లేదు. ఇలాంటి మనిషి పోయి పోయి గోల్‌కీపర్ కావడం ఏమిటో. గోల్ పడిన ప్రతిసారీ అందరూ వెనక్కి తిరిగి చూసేది కీపర్‌నే కదా.

మాది ధర్మవరం. ఇంట్లో మగ్గాలు. చిన్నప్పుడు కండెలు చుట్టేదాన్ని. బంతి పట్టడం మొదలుపెట్టాక అరచేతులు బరకెక్కాయి. పట్టు పోగు చేతికి తగులుకుని నూగు లేచిపోయేది. అమ్మ కొన్నాళ్లు చూసి, నేను ముట్టుకుంటే చీర పాడవుతుంది, ఆ బంతే పట్టుకోమని చెప్పి కండెల గంప తన ముందుకు లాక్కుంది. తిట్టిందో, దారిచ్చిందో నేను అడగలేదు. నడుం నొప్పి అని ఆమె అన్నప్పుడల్లా మాత్రం నా చేతులు దాచుకోవాలనిపిస్తుంది.

ఊళ్లో మా ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి ఇంటర్ అయ్యేదాకా ఆడాను. తర్వాత కొందరికి పెళ్లిళ్లయి, కొందరు చదువులకు పోయి, జట్టు చెదిరిపోయింది. అప్పుడే విడపనకల్లు నుంచి ఒక సార్ కబురు పెట్టారు. ఆయన అక్కడ ఆడపిల్లల క్లబ్ నడుపుతారు. కర్ణాటక సరిహద్దుకు ఈ పక్క ఊళ్ల జట్లూ ఆ పక్క ఊళ్ల జట్లూ కలిసి ఆడే లీగ్ ఒకటుంది. తమ జట్టుకి కీపర్ లేదు, నువ్వు వస్తే మా పంట పండినట్టే అన్నారు ఫోన్‌లో. ఉరవకొండలో మా చిన్నమ్మ ఇల్లుంది. అక్కడుండి రోజూ బస్సులో పోయి రావచ్చు. నాయన ఒకటికి రెండుసార్లు ఆలోచించి సరే అన్నాడు. ధర్మవరం, విడపనకల్లు మొన్నమొన్నటిదాకా ఒకే జిల్లాలో ఉండేవి. ఒక జిల్లాలోంచి అదే జిల్లాలోకి పోవడానికి ఇంత ఆలోచన ఎందుకు నాయనా అని ఎగతాళి చేశాను కూడా.

కీపర్ లేదన్నారు కదా. మొదటిరోజు సాయంత్రం గ్రౌండ్‌కి పోయేసరికి గోల్‌లో కీపర్ ఉంది.

నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్దది. పొడుగ్గా, సన్నగా, ఎండకు కాలిన మొహంతో ఉంది. ఆ నల్లరేగడి గ్రౌండ్‌లో పగుళ్లు పూడ్చడానికి మొరం పోశారు, పడితే మోచేయి చెక్కుకుపోతుంది. ఆమె లెక్కే లేకుండా ఇటు దూకుతోంది, అటు దూకుతోంది. బంతి చేతిలో పడ్డ చప్పుడు నాకు గేటు దగ్గరికి వినిపిస్తోంది. సార్ ఆమెను కేకేసి, కొత్త కీపర్ వచ్చింది అని చెప్పారు. ఆమె నన్ను చూసింది. క్లబ్‌లో ఉన్న మంచి గ్లవ్స్ ఒక్క జతే. వాటిని ఊడదీసి, దుమ్ము దులిపి, నా చేతికిచ్చింది. వేసుకుంటే లోపల ఇంకా తడిగా, వెచ్చగా ఉన్నాయి. ఆ చెమట నాది కాదు. నాకు ఆ క్షణమే బస్సెక్కి ఇంటికి పోవాలనిపించింది, పోలేదు. ఆ గ్లవ్స్ వేసుకుని గోల్‌లో నిలబడ్డాను.

ప్రాక్టీసయ్యాక సార్‌ని పక్కకు పిలిచి అడిగాను, కీపర్ లేదన్నారు కదా అని. నాకు కోపం వచ్చినప్పుడు గొంతు నేను అనుకున్నదానికంటే పెద్దగా వస్తుంది. ఆయన నవ్వారు.

"ఇదిగో, ఈ నోరు కోసరమే నిన్ను పిలిపిచ్చింది. ఆ పాప బాగా పడతాది, కాదనను. అయితే నోరు తెరవదు. కీపర్ నోరు తెరవకుంటే డిఫెన్స్ వాళ్లు యాడ నిలబడుకోవాలమ్మా?"

అది నిజమే. గోల్‌లో ఉన్నదానికే మైదానం మొత్తం కనబడుతుంది. ఎవరు ఎటు జరగాలో, ఏ బంతి వదలాలో చెప్పే పని కీపర్‌ది. సార్ ఆమెను గోల్‌కి సరిగ్గా ముందు నిలబడే స్టాపర్‌గా మార్చేశారు. అంటే నా ముందు, నా కేకకు అందే దూరంలో. గోల్ పోగొట్టుకున్న మనిషిని రోజూ వీపు వైపు నుంచి చూస్తూ ఆడాలి నేను. ఇంతకంటే పెద్ద శిక్ష నాకోసం ఎవరూ కనిపెట్టలేరు.

ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను 'మే' అనేది, ఆ పక్క ఆడపిల్లలు ఒకరినొకరు పిలుచుకున్నట్టు. వాళ్లది గొర్రెల మంద. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. ఎందుకక్కా అరవవు అని ఒకసారి అడిగితే సిగ్గుపడింది. "గొర్లకైతే ఊరంతా ఇనపడేట్టు అరుస్తా. మనుషుల్ని అట్ల అదిలిచ్చేకి నాకు రాదుమే."

ఆమెకు ఈ ఆటతో ఉన్న పనేమిటో ఇంకొన్నాళ్లకు తెలిసింది. అనంతపురంలో ఆటల హాస్టల్ ఉంది. తిండి, బట్ట, డిగ్రీ చదువు, రోజూ ఆట. ఈ లీగ్ చివరి మ్యాచ్ చూడటానికి హాస్టల్ వాళ్లు వస్తారు, నచ్చినవాళ్లను తీసుకుంటారు. ఆమెకు వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. వాళ్ల నాయన ఒక మాట చెప్పాడు. హాస్టల్ వస్తే అనంతపురం పో, రాకుంటే మంద ఎనకాల రా. పంటలు కోశాక వాళ్లు మందను తోలుకుని తుంగభద్ర కాలవల వైపు నెలల తరబడి పోతారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. పోయిన ఏడాది ఒక్కడే తిరిగాడు, ఈ ఏడాదీ ఒక్కడే తిరుగుతున్నాడు, ఇక కాళ్లు రావడం లేదంతే. నాకు హాస్టల్ రాకపోతే ధర్మవరంలో ఇల్లుంది, చదువు ఉంది, కోప్పడుతూనే అన్నం పెట్టే అమ్మ ఉంది. ఆమెకు హాస్టల్ కావాలి. నాకు హాస్టల్ వస్తే బాగుండు. ఈ రెండింటికీ తేడా తెలిసి కూడా నేను గోల్‌లోంచి తప్పుకోలేదు.

మొదటి మ్యాచ్‌లు ఘోరంగా పోయాయి. ఆ లీగ్‌లో బంతిని నేల మీద నడిపించేవాళ్లు తక్కువ, ఎగరేసి కొట్టేవాళ్లు ఎక్కువ. గాలి దాన్ని ఎటు తీసుకుపోతే అటు. అలాంటి బంతి గోల్ ముందుకు వచ్చినప్పుడు కీపర్ బయటికి వస్తూ ఒక కేక వేయాలి, మనవాళ్లు తప్పుకోవాలి. ఎక్కడైనా వేసే కేక 'కీపర్' అని. నేనూ అదే అరిచాను. అరవగానే అక్క బంతి మీదికి వచ్చేది. ఆ జట్టులో కీపర్ అంటే ఆమే మరి, ఎన్నో ఏళ్లుగా. తలలు రాసుకున్నంత పనయింది. రెండోసారీ అలాగే జరిగాక ఆమె నవ్వుతూ చెంపలు వేసుకుంది. నేను నవ్వలేకపోయాను.

సరేనని మా ఊరి మాట పట్టుకున్నాను. విడువు అనేదాన్ని మా నోళ్లు 'ఇడ్సు' అంటాయి. ఆటలో అంత తీరిక ఎక్కడిది, 'ఇడూ' అని సగమే బయటికొస్తుంది. ధర్మవరంలో అలా అరిస్తే మా పిల్లలు తాకకుండా తప్పుకునేవాళ్లు. ఇక్కడ అరిస్తే డిఫెన్స్‌లో ఇద్దరు బంతికి అతుక్కుపోయారు. గోల్ పడింది. నేను చేతులు విసిరేసి వాళ్ల మీద విరుచుకుపడ్డాను. వాళ్లూ తగ్గలేదు. నువ్వే కదా ఇడి అన్నావు అన్నారు. కన్నడంలో 'హిడి' అంటే పట్టుకో. ఆ పిల్లలు 'హ' పలకరు, ఇడి అంటారు. నేను వదలమంటే వాళ్లకు పట్టుకోమన్నట్టు వినబడింది. ధర్మవరంలో వదిలేదాన్ని విడపనకల్లులో పట్టుకుంటారన్నమాట. బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు నాయన రెండుసార్లు ఎందుకు ఆలోచించాడో అర్థమైంది.

దారి చూపించింది అక్కే. కన్నడంలో వదులు అనడానికి 'బిడు' అంటారు. ఆ మాట ఆ జట్టులో తెలుగు పిల్లలకూ తెలుసు. పెదాలు కలిపి గట్టిగా పలికే మాట కాబట్టి గాలిలో కూడా వేరే మాటలా వినబడదు. రోజూ ప్రాక్టీసయ్యాక మిగతావాళ్లను పంపించేసి, తను బంతి పైకి విసిరేది. నేను 'బిడు' అని అరుస్తూ ముందుకొచ్చి పట్టుకోవాలి. అరుపు బాగలేకపోతే మళ్లీ విసిరేది. ఎడమకు, కుడికి, ముందుకు అనడానికి కూడా మాటలు నేర్పింది. తన గోల్‌ను నాకు అప్పజెబుతున్నట్టే నేర్పేది. నేర్చుకుంటున్నంతసేపూ ఆమె మొహం వైపు చూడకుండా బంతినే చూసేదాన్ని. అయినా నేర్చుకున్నాను. నేర్చుకోవడం ఎక్కడా ఆపలేదు.

తర్వాత మేము గెలవడం మొదలుపెట్టాం. సరిహద్దు అవతలి ఊళ్లలో ఆడినప్పుడు అక్కడి జనం, తెలుగు పిల్ల కన్నడంలో భలే అరుస్తాందే అని నవ్వేవాళ్లు. మా డిఫెన్స్ పిల్లలు నాకు బిడక్క అని పేరు పెట్టారు. సార్ నన్ను పొగిడిన ప్రతిసారీ నేను అక్క వైపు చూసేదాన్ని. ఆమె బూట్ల దారాలు కట్టుకుంటూ ఉండేది. చిన్నమ్మ చేసిన జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి ఆమెకు పెట్టేదాన్ని. నా కొత్త మేజోళ్లు ఇవ్వబోతే తీసుకోలేదు. ఇలాంటి చిల్లర పనులతో మనసు తేలికపడుతుందని ఎవరు చెబుతారో గాని, నాకైతే పడలేదు.

చివరి మ్యాచ్ దగ్గరపడుతున్నప్పుడు ఇక ఉండలేక సార్‌తో అన్నాను. ఆరోజు సగం ఆట అక్కను గోల్‌లో నిలబెట్టండి, హాస్టల్ వాళ్లు ఆమెను కీపర్‌గా చూడాలి అని. ఆయన కసురుకున్నారు. జట్టును నడిపేది నువ్వా, నేనా అన్నారు. ఆ మాట ఎలాగో అక్క చెవిన పడింది. మర్నాడు ప్రాక్టీసుకు రాగానే నా దగ్గరికి నేరుగా వచ్చింది. అంతవరకు ఆమె గొంతు పెంచడం నేను వినలేదు.

"నా కోసరం అడిగేకి నువ్వెవురు? నాకు బిచ్చమేసేకి వచ్చినావా?"

ఆరోజంతా నాకు బంతి విసరలేదు. నేను చేసిన మంచిపని నాకే ఎదురు తిరిగిందని కుమిలిపోయాను. అది మంచిపని కాదని, నా బరువు ఆమె నెత్తిన పెట్టబోయానని తెలుసుకోవడానికి కొంచెం టైం పట్టింది. తర్వాత ఆమే మామూలుగా మాట్లాడింది. ఆమెకు కోపం నిలవదు.

విచిత్రమేమిటంటే, సార్ మనసులో ఆ మాట నాటుకున్నట్టుంది. మ్యాచ్ రోజు పొద్దున జట్టును కూర్చోబెట్టి, మొదటి సగం నేను, రెండో సగం అక్క గోల్‌లో ఉంటామని చెప్పారు. అక్క తల వంచుకుంది. ఆమె చెవులు ఎర్రబడటం చూశాను. నాకు ఎంత సంతోషం కలిగిందంటే, ఇంక నేను మంచిదాన్నే అని ఆ పూటకు నమ్మేశాను.

మ్యాచ్ మా గ్రౌండ్‌లోనే. మే నెల సాయంత్రం, గాలిదుమ్ము. హాస్టల్ నుంచి వచ్చినవాళ్లు షామియానా కింద కూర్చున్నారు. నేను బాగా ఆడాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నిజంగానే బాగా ఆడాను. ఒక్క గోల్ కూడా పడలేదు. సగం ఆట ముగియడానికి ఇంకాసేపే ఉంది. అక్క కోసం నా దగ్గర గ్లవ్స్ ఇప్పించుకోవడానికి సార్ అప్పటికే మైదానం గీత అవతల లేచి నిలబడ్డారు.

అవతలి జట్టు పిల్ల ఒకతి దూరం నుంచి బంతిని ఎత్తి కొట్టింది. అది గాలికి తేలి, ఆగి, మా గోల్ ముందు పడబోతోంది. అక్క దాని కిందే ఉంది. తలతో కొట్టి పంపించేయగలదు. ఆ బంతికి నేను బయటికి రావాల్సిన పనే లేదేమో. కానీ షామియానా కింద మనుషులున్నారు, నాకున్నది ఇంక కొద్దిసేపే. పరుగెత్తుకుంటూ వచ్చాను. కేక వేశాను. రోజూ వేసే కేక కాదు. ఎందుకో తెలియదు, అంత కంగారులో నా నోట్లోంచి మా ఇంటి మాటే వచ్చింది.

"ఇడూ!"

అక్క వదలలేదు. పైకి లేచింది. నేనూ లేచాను. ఇద్దరం గుద్దుకుని పడ్డాం, నేను ఆమె మీద. ఆమె కుడి చేయి నా కింద ఎలాగో మడతపడింది. విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె అరవలేదు. దుమ్ము తగ్గాక చూస్తే మణికట్టు పక్కకు తిరిగి ఉంది.

ఉరవకొండలో కట్టు కట్టించారు. రెండో సగం కూడా నేనే ఆడాను, ఇంకెవరున్నారు గనక. గెలిచాం. హాస్టల్ వాళ్లు నన్ను తీసుకున్నారు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నేను బిడు అనబోయి ఇడు అన్నాననీ, అక్కకు అది పట్టుకో అని వినబడిందనీ ఆ సాయంత్రమే అందరికీ తెలిసిపోయింది. భాషల మధ్య జరిగిన పొరపాటు, ఎవరేం చేస్తారు అన్నారు సార్. మాట తప్పే గాని మనిషి తప్పు కాదని చిన్నమ్మ సముదాయించింది. వాళ్లు అలా అన్నకొద్దీ నాకు ఇంకా కుంచించుకుపోయినట్టుండేది. ఆస్పత్రికి పోయి అక్క పక్కన కూర్చుని ఏడ్చాను. తప్పయిపోయింది, నా నోరు పాడుగాను అన్నాను. ఆమె ఎడమచేత్తో నా జడ సర్దింది. మందుల మత్తులో ఉంది.

హాస్టల్‌లో చేరాక నాకు కొత్త జబ్బు పట్టుకుంది. గోల్‌లో నిలబడితే నోరు పెగలదు. బంతి పైకి లేవగానే ఏ మాట అనాలో అని ఆలోచన మొదలయ్యేది. ఆలోచన పూర్తయ్యేసరికి బంతి లోపలుండేది. హాస్టల్ కోచ్ మేడం మొదట ఓపిక పట్టింది, తర్వాత విసుక్కుంది. నోరున్న కీపర్ అని తీసుకుంటే మూగదానివై నిలబడ్డావేంటి, ఇలాగైతే పంపించేయాల్సి వస్తుందని చెప్పేసింది. నోరుందని అక్క చోటు తీసుకున్నాను, ఇప్పుడు ఆ నోరూ లేదు. ఇంటికి పంపించేస్తే నాకు తగిన శాస్తే జరిగినట్టని కూడా అనుకున్నాను. అలా అనుకున్నప్పుడు కొంచెం హాయిగా కూడా ఉండేది.

జూన్‌లో మొదటి వాన పడ్డాక ఒక ఆదివారం అక్కను చూద్దామని పోయాను. ఇంటి దగ్గర వాళ్ల అవ్వ ఒక్కతే ఉంది. వాన పడింది కదా, అందరూ వజ్రకరూరు చేలల్లోకి పోయినారు అంది. తొలకరి వానకు మట్టి కడుక్కుపోయి రాళ్లు పైకి తేలతాయి. వజ్రం దొరుకుతుందని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, దున్నిన చేలల్లో తలలు వంచుకుని తిరుగుతుంటారు. నేనూ ఆటో ఎక్కి పోయాను. ఆమెను దూరం నుంచే గుర్తుపట్టాను. కుడి చేతికి ఇంకా కట్టు ఉంది. మెడలో వేసుకున్న తుండుగుడ్డలో ఆ చేతిని ఊయలలా పెట్టుకుని, వాళ్లమ్మకు కొంచెం ఎడంగా నడుస్తోంది.

నన్ను చూసి నవ్వింది. ఊరికే ఎందుకు నిలబడుకుంటావు, నువ్వూ ఎతుకు అంది. ఇద్దరం పక్కపక్కన, కళ్లు నేల మీద పెట్టి నడిచాం. ఒకరి మొహం ఒకరం చూసుకోనక్కర్లేదు. కొంతసేపు మంద గురించి, వాళ్ల నాయన మోకాళ్ల గురించి చెప్పింది. ఈసారి కాలవలకు తనే పోతుందట, కట్టు విప్పాక. తర్వాత మామూలుగానే అడిగింది.

"నువ్వు ఆడ నోరు తెరవకుండా నిలబడుకుంటాండావంట?"

ఎవరు చెప్పారో నాకు తెలియదు, ఆడేవాళ్ల మధ్య మాటలు తిరుగుతూనే ఉంటాయి. అవునన్నాను. ఆరోజు నా నోటి వల్లే కదా నీ చెయ్యి పోయింది, ఇంకేం అరుస్తానక్కా అన్నాను. మళ్లీ క్షమించమని అడగడం మొదలుపెట్టాను. ఆమె నడక ఆపలేదు.

"నీ మాట నాకు సరిగానే ఇనపడిందిమే. ఇడ్సమన్నావు. నాకు తెలిసింది."

నాకు అర్థం కాలేదు. నేను ఆగిపోయాను. ఆమె రెండడుగులు ముందుకు పోయి ఆగింది, వెనక్కి తిరగలేదు.

"అన్ని నెలలు నీ ముందర నిలబడుకోని నీ నోరు ఇన్నాను. నువ్వు తెలుగులో అరిచినావా, కన్నడంలో అరిచినావా నాకు తెలీదా? ఇడ్సమన్నావు, ఇడ్సలేదు."

మరి ఎందుకు వదల్లేదని అడిగాను.

"తలతో కొడదామనే లేచినాను. బాలు మీదికి చేతులు పోయినాయి. తల పోలేదు, చేతులే పోయినాయి. నాది ఆ బాలు."

ఆ చెయ్యి ఊరికే కిందపడి విరగలేదు. బంతి కోసం పైకి చాచింది, నేను దాని మీద పడ్డాను. స్టాపర్ చేతులతో పట్టుకోబోతే అది తప్పు, ఆటలో ఎవరైనా నవ్విపోతారు. దుమ్ములో ఎవరూ చూడలేదు. మాట పొరపాటని అందరూ అనుకున్నారు, ఆమె అననిచ్చింది. ఆ పొరపాటు చాటున ఆమెకు కాస్త మర్యాద మిగిలింది. ఆ మర్యాదను ఇప్పుడు ఆమె తీసి నా ముందు పెట్టేసింది.

ఎందుకు చెప్పావక్కా అన్నాను. నిజంగానే చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది. మాట తప్పయితే దిద్దుకోవచ్చు, దానికి క్షమాపణ అడగొచ్చు, ఏడవచ్చు. వారాల తరబడి నేను ఆ చిన్న తప్పును గట్టిగా పట్టుకుని, పెద్దదాన్ని చూడకుండా తప్పించుకున్నాను. గ్లవ్స్ వేసుకున్న మొదటిరోజే నాకు తెలిసిన సంగతి అది. నా నోరు కాదు, నేను అక్కడ నిలబడటమే ఆమె చెయ్యి విరిచింది. దానికి ఎవరిని ఏమని క్షమించమంటారు?

అప్పుడు ఆమె ఇటు తిరిగింది. కోపంగా లేదు, జాలిగా కూడా లేదు. ప్రాక్టీసులో నా అరుపు బాగలేనప్పుడు చూసినట్టే చూసింది.

"వాళ్లు నిన్ను గూడా ఇంటికి పంపిచ్చేస్తే, నేను ఆ గోలు ఇడ్సింది దేనికిమే? అరుచు."

సరే అక్కా అన్నాను. వాళ్లమ్మ పిలిస్తే అటు పోయింది. వంగి ఎడమచేత్తో ఒక రాయి తీసుకుని, ఎండకు పెట్టి చూసి, పారేసి, మళ్లీ నడిచింది. నేను సాయంత్రం బస్సుకు హాస్టల్‌కి వచ్చేశాను.

అప్పటి నుంచి నేను అరుస్తూనే ఉన్నాను. ఇక్కడ నాలుగు జిల్లాల పిల్లలున్నారు, అందరికీ అర్థమయ్యే మాటలే వాడతాను, బంతి నాదైతే నాదని చెబుతాను, వాళ్లు తప్పుకుంటారు. మేడం ఇప్పుడు నా గొంతు గురించి వేరే జట్ల వాళ్లకు గొప్పగా చెబుతుంది. ఆమె చెబుతున్నంతసేపూ నేను బూట్ల దారాలు కట్టుకుంటూ ఉంటాను. అక్క ఈపాటికి మందతో తుంగభద్ర కాలవల మీద ఉంటుంది. అక్కడ సిగ్నల్ ఉండదు. ఉన్నా ఏం చెప్పాలో నాకు తెలియదు, బాగా ఆడుతున్నానక్కా అని తప్ప.